కార్ల కర్మాగారం తలుపు ఎవరికి తెరవాలి, ఎంతవరకు తెరవాలి?

ఇంజినీరింగు చదివినవారిలో చాలామందికి ఇండస్ట్రియల్ విజిట్ అంటే ఏమిటో అనుభవంలో తెలుసు. కళాశాల నుంచి ఒక లేఖ, నలభై యాభై మంది విద్యార్థులు, ఒక బస్సు, గేటు దగ్గర సెల్‌ఫోన్లు అప్పగించి తలకు హెల్మెట్ పెట్టుకుని లోపలికి నడవడం, మధ్యాహ్నానికి బయటపడడం. ఆ రోజు చూసినది పరీక్షలో రాకపోయినా పదేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. అదే కర్మాగారాన్ని చూడాలని ఒక బ్యాంకు ఉద్యోగికో, ఊళ్లోని మెకానిక్కుకో, కార్లంటే ప్రాణం పెట్టే పదో తరగతి పిల్లవాడికో అనిపిస్తే, ఏ గేటు దగ్గరికి వెళ్లాలి, ఎవరిని అడగాలి అన్న ప్రశ్నకు మన దేశంలో చాలా కంపెనీల దగ్గర సూటి సమాధానం దొరకదు. మ్యూనిక్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉంటున్న బంధువు ఫ్యాక్టరీ చూసి వచ్చామని చెప్పినప్పుడు, అక్కడ కుదిరినది ఇక్కడ ఎందుకు కుదరదన్న సందేహం రావడం సహజం.

ఈ విషయంలో రెండు వాదనలు తరచూ వినిపిస్తాయి. తలుపు తెరిస్తే సాంకేతిక రహస్యాలు పోతాయన్నది ఒకటి. తెరవడం కంటే మంచి ప్రచారం మరొకటి లేదన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ ఏది ఎంత నిజమో తేల్చుకోవాలంటే ముందు కార్ల కర్మాగారంలో ఏం జరుగుతుందో, ‘సందర్శన’ అని మనం దేన్ని అంటున్నామో విడదీసి చూడాలి.

సందర్శన అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు ఏర్పాట్లు

మొదటిది పైన చెప్పిన విద్యార్థుల సందర్శన. ఇందులో వచ్చేవారెవరో కంపెనీకి ముందే తెలుసు, వారి ప్రవర్తనకు కళాశాల పూచీ ఉంటుంది, రేపు వారిలోంచే ఉద్యోగులు రావచ్చు. రెండోది కొనుగోలుదారుల సందర్శన. ఖరీదైన కార్ల కంపెనీలు తమ ఖాతాదారులను పిలిచి, వారి కారు తయారయ్యే చోటును చూపిస్తాయి. మూడోది మ్యూజియం లేదా ప్రదర్శనశాల. 2000లో వోల్ఫ్స్‌బర్గ్‌లో ఫోక్స్‌వాగన్ తెరిచిన ఆటోస్టాట్, 2007లో మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ తెరిచిన వెల్ట్ ఇలాంటివి. ఇక్కడ మెరుగుపెట్టిన కార్లు కనిపిస్తాయి కానీ చెమట కనిపించదు. అయితే ఈ రెండు చోట్లా పక్కనే ఉన్న అసలు కర్మాగారంలోకి కూడా సందర్శకులను తీసుకెళ్లే ఏర్పాటు చేశారు.

నాలుగోది మన చర్చకు సంబంధించినది: విద్యార్థీ కాని, ఖాతాదారూ కాని మామూలు మనిషి ముందుగా పేరు నమోదు చేసుకుని, నడుస్తున్న అసెంబ్లీ లైనును కళ్లారా చూడడం. ఈ నాలుగింటినీ కలిపేసి మాట్లాడడం వల్లే సగం గందరగోళం పుడుతోంది. ఉదాహరణకు ఇటలీలోని మారనెల్లోలో ఫెరారీ మ్యూజియం అందరికీ తెరిచే ఉంటుంది, కానీ ఇంజిన్లు అమర్చే హాల్లోకి నడిచి వెళ్లే భాగ్యం ప్రధానంగా ఖాతాదారులకే. మామూలు సందర్శకులు బస్సులో కూర్చుని ఫ్యాక్టరీ వీధుల గుండా తిరిగి రావచ్చు, దిగడానికి లేదు. ‘ఫెరారీ ఫ్యాక్టరీ చూశాను’ అని ఇద్దరు చెప్పినా ఇద్దరూ చూసినది ఒకటి కాకపోవచ్చు.

లోపల నాలుగు షాపులు, నాలుగు రకాల కష్టాలు

కార్ల కర్మాగారం సాధారణంగా నాలుగు విభాగాలుగా ఉంటుంది, అక్కడివారు వాటిని షాపులనే అంటారు. ప్రెస్ షాపులో చుట్టలుగా వచ్చిన ఉక్కు రేకును కత్తిరించి, డై అనే భారీ అచ్చుల మధ్య వేలాది టన్నుల బలంతో నొక్కి తలుపులుగా, బానెట్లుగా మలుస్తారు. ఒక్కో దెబ్బకు కాళ్ల కింద నేల అదురుతుంది. బాడీ షాపులో ఆ రేకులను రోబోలు వెల్డింగ్ చేస్తాయి. ఒక కారు బాడీకి సాధారణంగా నాలుగైదు వేల చుక్కల వెల్డింగ్ పడుతుంది. నిప్పురవ్వలు ఎగిరే ఈ దృశ్యమే వార్తా చిత్రాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, రోబోలన్నీ కంచెల వెనక ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూపించడం కూడా కష్టం కాదు.

పెయింట్ షాపు సంగతి వేరు. ఇక్కడ శత్రువు ధూళి. బట్టల నుంచి రాలిన ఒక్క పోగు తడి రంగు మీద పడితే ఆ ప్యానెల్‌ను మళ్లీ రుద్ది రంగు వేయాల్సి వస్తుంది. అందుకే లోపలికి వెళ్లేవారు పోగులు రాలని ప్రత్యేక దుస్తులు వేసుకుని, ఒంటి మీద గాలిని జోరుగా చిమ్మే గదిలోంచి నడవాలి. అంతకంటే విచిత్రమైనది సిలికాన్ భయం. కొన్ని హెయిర్ క్రీముల్లో, సౌందర్య సాధనాల్లో ఉండే సిలికాన్ లేశమాత్రం రంగులోకి చేరినా, ఎండిన తర్వాత చేపకన్ను ఆకారంలో చిన్న చిన్న గుంటలు పడతాయి. తలకు ఏం రాసుకున్నారో తెలియని పాతికమందిని అక్కడికి తీసుకెళ్లడం ఏ సూపర్‌వైజరూ ఒప్పుకోని పని. ఇందులో రహస్యం కంటే శుభ్రతే అడ్డంకి.

నాలుగోది ఫైనల్ అసెంబ్లీ. కార్లను ప్రేమించేవారికి అసలు పండుగ ఇక్కడే. రంగు వేసిన బాడీ ఇక్కడికి వచ్చాక మొదట తలుపులు ఊడదీస్తారు. అప్పుడే పనివారు సీట్లు, వైర్లు, డ్యాష్‌బోర్డు లోపలికి సులువుగా చేర్చగలుగుతారు, తలుపుకు గీత పడే ప్రమాదమూ తప్పుతుంది. ఊడదీసిన తలుపులు వేరే లైను మీద వాటి అద్దాలు, తాళాలు, స్పీకర్లు బిగించుకుంటూ ప్రయాణం చేసి, చివరికి సరిగ్గా తమ కారు దగ్గరికే తిరిగి వస్తాయి. మధ్యలో ఒకచోట పైనుంచి బాడీ దిగుతుంది, కింది నుంచి ఇంజిను, యాక్సిళ్లు పైకి లేస్తాయి, రెండూ కలుస్తాయి. జర్మన్ కర్మాగారాల్లో ఈ ఘట్టాన్ని ‘పెళ్లి’ అనే పిలుస్తారు. బోల్టు సరైన బిగువుకు చేరగానే బిగింపు యంత్రం ఆగి పచ్చదీపం వెలుగుతుంది. వెలగకపోతే కారు ముందుకు కదలదు.

ఆరు సెకన్ల లెక్క

అసెంబ్లీ లైను దగ్గర సందర్శకుడు ఎందుకు ఇబ్బంది కావచ్చో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే కర్మాగారాన్ని ఊహించుకుందాం. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 1,000 కార్లు. మూడు షిఫ్టుల్లో విరామాలు పోను 22.5 గంటల పని జరుగుతుందనుకుంటే అది 81,000 సెకన్లు. అంటే ప్రతి 81 సెకన్లకు ఒక కారు లైను చివరికి చేరాలి. ఈ వ్యవధినే టాక్ట్ టైమ్ అంటారు. ప్రతి పనివాడికీ, పనిమనిషికి ఇచ్చినట్టు ‘ఈ రోజుకు ఇంత’ అని కాకుండా, ఆ 81 సెకన్లలోపు పూర్తయ్యే పనిని కొలిచి అప్పగిస్తారు.

ఒకరి వాటాకు 75 సెకన్ల పని వచ్చిందనుకుందాం. మిగిలింది 6 సెకన్లు. ఆ ఆరు సెకన్లలోనే అతడు చేయి దులుపుకోవాలి, తర్వాతి కారు వైపు రెండడుగులు వేయాలి. పక్కన నిలబడ్డ సందర్శకుడు ‘ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు?’ అని అడిగి జవాబు వినేలోపే ఆ ఆరు సెకన్లు కరిగిపోతాయి. లైను ఆపాల్సి వస్తే నష్టం ఒక్క మనిషిది కాదు, ఆ లైను మీదున్న వందల మందిది. సందర్శకులను నేల మీద పనివారి మధ్య తిప్పకుండా, పైన కట్టిన నడక వంతెన మీదుగానో, నెమ్మదిగా కదిలే ట్రాము బండ్లలోనో తీసుకెళ్లే పద్ధతి పుట్టడానికి భద్రతతో పాటు ఇది కూడా ఒక కారణం.

రూజ్ నది ఒడ్డున నూరేళ్ల అనుభవం

జనానికి ఫ్యాక్టరీ చూపించడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో, రూజ్ నది ఒడ్డున ఫోర్డ్ కట్టిన మహా కర్మాగారంలో 1924లోనే ప్రజా సందర్శనలు మొదలయ్యాయి. ఒక చివర ఇనుప ఖనిజం దిగి మరో చివర కారు బయటికి వచ్చే ఆ ప్రాంగణం అప్పట్లో ప్రపంచ వింత. 1934 షికాగో ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన రొటండా అనే గుండ్రని భవనాన్ని విప్పి డియర్‌బోర్న్‌కు తెచ్చి, 1936 నుంచి సందర్శకుల స్వాగత మందిరంగా వాడుకున్నారు. 1962లో అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1980లో సందర్శనలు ఆగిపోయాయి. 2004లో కొత్త ట్రక్కు ప్లాంటుతో, పచ్చని మొక్కలు పరిచిన పైకప్పుతో, ఎఫ్-150 అసెంబ్లీ లైను మీదుగా సాగే నడక వంతెనతో అవి మళ్లీ మొదలయ్యాయి.

ఆ సందర్శకుల్లోని ఒక గుంపు ఇప్పటికీ మనకు కనిపిస్తుంది. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932లో రూజ్ కర్మాగారాన్ని నెలల తరబడి పరిశీలించి, డెట్రాయిట్ కళాసంస్థ గోడల మీద 27 కుడ్యచిత్రాలు వేశాడు. దక్షిణపు గోడ మీద కారు తుది బిగింపు జరుగుతున్న దృశ్యంలో, వెనక వరుసలో మంచి బట్టలు వేసుకున్న సందర్శకులు నిలబడి చూస్తుంటారు. ముందు వరుసలో పనివారి వీపులు వంగి ఉంటాయి, కండరాలు బిగిసి ఉంటాయి. వెనక ఉన్న ముఖాల్లో మాత్రం కదలిక లేదు. చూసేవాడికీ పనిచేసేవాడికీ మధ్య దూరాన్ని ఆ గోడ చూపినంత స్పష్టంగా ఏ నివేదికా చూపలేదని నా అభిప్రాయం.

రివేరా ఆ నగరానికి రావడానికి నెల ముందు, 1932 మార్చి 7న, పని పోయిన కార్మికులు అదే కర్మాగారం గేటు వైపు ఆకలి యాత్రగా నడిచి వస్తే కాల్పులు జరిగాయి. నలుగురు అక్కడే చనిపోయారు, మరొకరు ఆ తర్వాత ప్రాణం విడిచారు. 1937 మే 26న యూనియన్ కరపత్రాలు పంచడానికి వచ్చిన కార్మిక నాయకుడు వాల్టర్ రూథర్ తదితరులను నాలుగో నంబరు గేటు దగ్గరి వంతెన మీద కంపెనీ మనుషులు కొట్టారు, ఫొటోలు తీసిన విలేకరుల నెగెటివ్ ప్లేట్లు లాక్కోబోయారు. ఒక ఫొటోగ్రాఫరు దాచి తీసుకుపోయిన ప్లేట్లు పత్రికల్లో అచ్చయ్యాకే దేశానికి సంగతి తెలిసింది. ఫోర్డ్ యూనియన్‌ను గుర్తించింది 1941లో. సందర్శకులకు తలుపు తెరిచిన కర్మాగారమే కెమెరాకు తలుపు మూసిందన్న ఈ చరిత్రను గుర్తుంచుకుంటే, సందర్శన ఉందంటే పారదర్శకత ఉన్నట్టేనన్న వాదనను ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. కంపెనీ గీసిన దారిలో నడిచినవారికి కంపెనీ చూపదలచినదే కనిపిస్తుంది.

రహస్యాలు పోతాయన్న భయంలో నిజమెంత

ఈ భయానికి పాత ఉదాహరణ రూజ్‌లోనే ఉంది. 1950లో టొయోటా నుంచి ఎయిజీ టొయోడా అక్కడికి వెళ్లి కొన్ని వారాలు పద్ధతులు అధ్యయనం చేశారు. అది టికెట్టు సందర్శన కాదు, రెండు కంపెనీల మధ్య ఏర్పాటు. తిరిగివచ్చాక, ఫోర్డ్‌లో చూసిన సలహాల పద్ధతిని ఆదర్శంగా తీసుకుని, పనివారు తమ ఆలోచనలు రాసి ఇచ్చే విధానాన్ని 1951లో టొయోటా ప్రారంభించింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ శిష్యుడే గురువును మించాడు. చూపిస్తే నేర్చుకుపోతారన్నవారికి ఇది బలమైన సాక్ష్యం.

అయితే దీనికి సరిగ్గా ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది. 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ మూసేసిన ప్లాంటును టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి నమ్మీ పేరుతో మళ్లీ తెరిచాయి. చాలావరకు పాత పనివారే, కానీ పద్ధతులు టొయోటావి, నాణ్యత అనతికాలంలోనే మెరుగుపడింది. జనరల్ మోటార్స్ మేనేజర్లు అక్కడే ఏళ్ల తరబడి పనిచేశారు, తాడు లాగి లైను ఆపే అండాన్ పద్ధతిని రోజూ చూశారు. అయినా తమ మిగతా ప్లాంట్లలో దాన్ని పాదుకొల్పడానికి వారు ఎంతో కాలం అవస్థ పడ్డారు. తాడు కట్టడం ఒక పూట పని. తాడు లాగిన పనివాడిని తిట్టకుండా, ‘ఎందుకు ఆపావు, ఏం సాయం కావాలి’ అని అడిగే సూపర్‌వైజరును తయారుచేయడం ఏళ్ల పని. ఏళ్ల తరబడి లోపలే ఉన్నవారికే ఇంత కష్టమైనది గంటన్నర టూరులో ఎవరికో దొరికిపోతుందనుకోవడం కుదరదు. టొయోటా నగరంలోని కైకాన్ మ్యూజియం నుంచి సమీప ప్లాంట్లకు ఉచితంగా సందర్శకులను తీసుకెళ్లే ఏర్పాటును ఆ కంపెనీ నడపగలగడం వెనక ఈ ధీమా ఉందనిపిస్తుంది.

పోటీ కంపెనీకి నిజంగా సమాచారం కావాలంటే సులువైన దారి వేరే ఉంది. షోరూములో కారు కొని, ప్రతి స్క్రూనూ విప్పి, ప్రతి భాగాన్నీ తూచి, కొలిచి చూడవచ్చు. ఈ విప్పిచూసే పని వాహన పరిశ్రమలో అందరూ బాహాటంగానే చేస్తారు. లైను మీద మాత్రమే దొరికే రహస్యాలు కొన్ని లేకపోలేదు. ఇంకా విడుదల కాని మోడల్, ర్యాకుల్లోని పెట్టెల మీద సరఫరాదారుల పేర్లు, స్టేషన్ల మధ్య పని పంపకం అలాంటివి. అందుకే కొత్త మోడల్ వచ్చే ముందు సందర్శనలు ఆపడం ఆనవాయితీ. అమెరికాలో కార్వెట్ కార్లు తయారయ్యే బౌలింగ్ గ్రీన్ ప్లాంటులో 2017 జూన్‌లో సందర్శనలు ఆపేశారు. ప్లాంటు విస్తరణ జరిగింది, ఆ వెంటనే ఇంజినును వెనక్కి జరిపిన సరికొత్త కార్వెట్ వచ్చింది. ఫోన్లు గేటు దగ్గరే తీసుకోవడం, కెమెరా మీద స్టిక్కరు అంటించడం కూడా ఈ కోవలోవే.

విద్యుత్ కార్ల బ్యాటరీ సెల్ కర్మాగారం విషయంలో మాత్రం అడ్డంకి మరింత గట్టిది. అక్కడ కొన్ని గదుల్లో గాలిలోని తేమను ఒక శాతానికంటే తక్కువకు దించి ఉంచుతారు. మనిషి ఊపిరిలోని తేమే అక్కడ కల్తీ. ఒక్కో షిఫ్టులో ఎంతమంది ఉండాలో కూడా ఆ తేమ లెక్క మీదే ఆధారపడుతుంది కాబట్టి, అద్దాల వెనక నుంచి తప్ప లోపల చూపించే మాటే ఉండదు.

దొంగతనం భయం కూడా కొందరు చెబుతారు. 2025లో పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు నుంచి ఐదేళ్లలో సుమారు 900 ఇంజిన్లు మాయమయ్యాయన్న ఫిర్యాదు పోలీసులకు అందినప్పుడు, దర్యాప్తు ప్రస్తుత, మాజీ సిబ్బంది వైపు సాగినట్టు వార్తలు వచ్చాయి. ఇంజిన్లు గేటు దాటాలంటే లారీ కావాలి, పత్రాలు కావాలి. నడక వంతెన మీదుగా వెళ్లే సందర్శకుడి చేతిలో ఆ రెండూ ఉండవు.

పనివారికి ఇష్టమేనా

చర్చలో తక్కువగా వినిపించే గొంతు లైను మీదున్నవారిది. రోజంతా ఒకే పని చేసే మనిషిని పైనుంచి గుంపులు గుంపులుగా చూడడం జంతుప్రదర్శనశాలను గుర్తుచేస్తుందన్న అభ్యంతరం తేలికగా తీసిపారేయదగ్గది కాదు. ఎదురు వాదన కూడా అంతే బలమైనది: తన పనిని ఎవరూ చూడరన్న బాధ కూడా పనివాడికి ఉంటుంది.

జర్మనీలోని డ్రెస్డెన్ నగరం నడిబొడ్డున ఫోక్స్‌వాగన్ కట్టిన గాజు కర్మాగారం ఈ ప్రశ్నకు ఒక చివరి కొసకు వెళ్లి సమాధానం వెతికింది. గోడలు గాజువి, నేల కెనడా మేపుల్ చెక్కది, పనివారి దుస్తులు తెల్లవి. విడిభాగాలు సరుకుల ట్రాములో నగర వీధుల గుండానే వచ్చేవి. 2001 చివర్లో అక్కడ ఫేటన్ కారు తయారీ మొదలైంది. అయితే ప్రెస్సింగు, వెల్డింగు, పెయింటింగు వేరే చోట్ల జరిగేవి. శబ్దం, మసి, వేడి ఉన్న పనులను ఎక్కడో వదిలి, బిగింపును మాత్రమే గాజు వెనక ఉంచారు. పనిని గౌరవంగా చూపించారన్న మాట నిజమే, పనిలో అందమైన భాగాన్ని మాత్రమే ఏరి చూపించారన్నదీ నిజమే.

దీనికి వేరే కొసన ఇంగ్లండులోని మాల్వర్న్ పట్టణం ఉంది. 1909లో పుట్టిన మోర్గన్ కంపెనీ అక్కడ ఇప్పటికీ కార్ల బాడీ చట్రాన్ని యాష్ కలపతో కడుతుంది. సందర్శకులు వడ్రంగి బల్లల పక్క నుంచే నడుస్తారు. మన దగ్గర తమిళనాడులో రాయల్ ఎన్‌ఫీల్డ్ రుసుము తీసుకుని ఔత్సాహికులకు మోటారు సైకిళ్ల తయారీ చూపించినప్పుడు కూడా జనం కళ్లార్పకుండా చూసినది రోబోను కాదు, పెట్రోలు ట్యాంకు మీద బంగారు గీతను చేత్తో గీసే కళాకారుడిని. సన్నని కుంచెను రంగులో ముంచి, స్కేలు లేకుండా, ఊపిరి బిగబట్టి, ట్యాంకు వంపు వెంట ఒక్క లాగులో గీస్తాడు. ఆ చేతిని చూసినవాడు తన బండి ట్యాంకును ఇంటికెళ్లాక మళ్లీ ఒకసారి తడిమి చూస్తాడు. ఇలాంటి చోట చూపు పనివాడిని చిన్నబుచ్చదు. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ పనివాడు తన వేగాన్ని తానే నిర్ణయించుకుంటాడు, మాట్లాడాలనుకుంటే తల ఎత్తగలడు. 81 సెకన్ల లైను మీద ఆ స్వేచ్ఛ లేదు కాబట్టి, అక్కడ సందర్శన పెట్టేముందు పనివారి సంఘంతో మాట్లాడి, ఏ వేళల్లో, ఎంత దూరం నుంచి అన్నది వారి సమ్మతితో తేల్చాలన్న వాదన నాకు న్యాయంగా తోస్తుంది.

ఖర్చెంత, రాబడెంత

ఇప్పుడు డబ్బు సంగతి. కిందివి ఏ కంపెనీ లెక్కలూ కావు, పరిమాణం అర్థం కావడానికి నేను వేసుకున్న అంచనాలు. రోజుకు 25 మంది చొప్పున నాలుగు బ్యాచులు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే 25,000 మంది సందర్శకులు. నెలకు 40,000 రూపాయల జీతంతో ఆరుగురు గైడ్లకు ఏడాదికి 28.8 లక్షలు. నడక వంతెనకు, స్వాగత గదికి 10 కోట్లు పెట్టి పదేళ్లకు పంచితే ఏడాదికి కోటి. హెల్మెట్లు, బీమా, బస్సు, ఇతర ఖర్చులకు 40 లక్షలు. మొత్తం సుమారు 1.69 కోట్లు, అంటే తలకు దాదాపు 675 రూపాయలు.

టికెట్టు 300 రూపాయలు పెడితే 75 లక్షలు వస్తాయి, ఏడాదికి సుమారు 94 లక్షలు తరుగు పడుతుంది. ఆ తరుగును 3 లక్షల కార్ల మీద పంచితే కారుకు 31 రూపాయలు. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాని మొత్తం. కానీ ఏడాదికి 20,000 వాహనాలు మాత్రమే చేసే ప్లాంటుకు ఇదే తరుగు వాహనానికి 470 రూపాయలవుతుంది, అప్పుడు మేనేజరు ఆలోచిస్తాడు. సందర్శన లాభసాటి వ్యాపారమా అన్న ప్రశ్నకు ప్లాంటు పరిమాణాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఈ ఖర్చు అమ్మకాలుగా తిరిగి వస్తుందా? ఇక్కడ ఆశపడేవారిని కొంచెం ఆపే ఉదాహరణ సాటర్న్. జనరల్ మోటార్స్ పెట్టిన ఈ బ్రాండు 1994 జూన్‌లో తన కార్ల యజమానులను టెన్నెసీలోని స్ప్రింగ్ హిల్ ప్లాంటుకు పండుగకు పిలిచినట్టు పిలిస్తే, 40,000 మందికి పైగా వచ్చారు. ఒక కర్మాగారం మీద కొనుగోలుదారులకు అంతటి మమకారం అరుదు. అయినా కొత్త మోడళ్లు సకాలంలో రాక, పెట్టుబడి చాలక, 2010 నాటికి ఆ బ్రాండే కనుమరుగైంది. డ్రెస్డెన్ గాజు గోడలు కూడా ఫేటన్‌ను భారీగా అమ్మించలేకపోయాయి. మమకారం పెంచడంలో సందర్శనకు సాటి లేదు గానీ, కారులోని లోటును అది పూడ్చదు.

లెక్కకు అందని ప్రయోజనం ఒకటుంది. జపాన్‌లో ఐదో తరగతి సాంఘిక శాస్త్రంలో వాహన పరిశ్రమ ఒక పాఠ్యాంశం, కర్మాగారాలకు బడిపిల్లలను తీసుకెళ్లడం అక్కడ మామూలు. ఆ పిల్లలందరూ కార్లు కొనేవారు కాకపోవచ్చు, ఇంజినీర్లూ కాకపోవచ్చు. ఒక వస్తువు ఎన్ని చేతుల మీదుగా వస్తుందో పదేళ్ల వయసులోనే వారికి తెలుస్తుంది. ఆ ఫలితం ఏ ఒక్క కంపెనీ ఖాతాలోనూ కనిపించదు, అందుకే ఏ ఒక్క కంపెనీ దానికోసం ముందుకు రావడం కష్టమవుతుంది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఎలా ఉంటుంది

భారతదేశంలో చట్టం సందర్శనను నిషేధించదు, బాధ్యతను మాత్రం స్పష్టంగా యజమాని మీద పెడుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం, యజమానికి తెలిసి వచ్చినా తెలియక వచ్చినా, పని ప్రాంగణంలో ఉన్న వ్యక్తుల భద్రతకు యజమానే బాధ్యుడు. సందర్శకుడి కాలు జారినా జవాబు చెప్పాల్సింది ఆయనే. ఫ్యాక్టరీ మేనేజర్లు తెలియనివారిని లోపలికి రానివ్వడానికి జంకడంలో అర్థముంది.

తెలుగువారికి వాహన తయారీ దూరపు విషయం కాదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్ కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కులు చేశాయి. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది, ఇప్పుడు ఆ ఊళ్లో ట్రాక్టర్లూ తయారవుతున్నాయి. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2017లో ఒప్పందం కుదిరి, 2019లో సెల్టోస్ బయటికి వచ్చిన కియా ప్లాంటు హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. ఆ దారిన పోయే బస్సుల్లో పిల్లలు కిటికీలోంచి చూసి అదేమిటని అడుగుతారు. వేరుశనగ పండే ఆ నేలలో అంత పెద్ద కర్మాగారం వచ్చినప్పుడు భూమి, నీరు, రాయితీలు ప్రభుత్వం సమకూర్చింది. ప్రజల వనరులతో నిలిచిన పరిశ్రమకు ప్రజల పట్ల కనీసం చూపించే బాధ్యత ఉండాలని కొందరి వాదన. రాయితీకి బదులుగా ఉద్యోగాలు, పన్నులు ఇస్తున్నాం, ప్రదర్శన ఆ ఒప్పందంలో లేదు అన్నది పరిశ్రమల వాదన. ఒప్పంద పత్రం వరకే చూస్తే రెండోదే సరి. భూములిచ్చిన ఊళ్లవారి మాట వచ్చినప్పుడు మాత్రం నా మనసు మొదటి వాదన వైపే మొగ్గుతుంది.

భద్రత, గోప్యత రెండూ కార్ల ఫ్యాక్టరీ కంటే ఎన్నో రెట్లు కఠినంగా ఉండే చోట ఈ చిక్కును ఎలా విప్పారో చూడడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. శ్రీహరికోటలో ఇస్రో 2019లో రాకెట్ ప్రయోగాలు చూడడానికి 5,000 మంది కూర్చునే గ్యాలరీని ప్రజలకు తెరిచింది. 2019 ఏప్రిల్ 1న పీఎస్ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని జనం అక్కడి నుంచే చూశారు. ప్రయోగ వేదిక దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు, రాకెట్‌ను జోడించే భవనంలోకీ పంపలేదు. దూరం నిర్ణయించారు, పేర్ల నమోదు పెట్టారు, అంతే. అక్కడికి వచ్చేవారిలో ఇంజినీరింగు విద్యార్థులు ఉంటారు, సూళ్లూరుపేట నుంచి చంటిపిల్లలతో వచ్చే కుటుంబాలూ ఉంటాయి. ఏ కళాశాల నుంచి వచ్చావు, ఏం కొంటావు అని గేటు దగ్గర వారినెవరూ అడగరు.